ఏడున్నరకు రమ్మన్న ఆయప్ప

“అక్కా, రేపు సోమవారం. పొద్దుగాల ఏడున్నరకు రా, నీ కార్డు పని చూద్దాం.”

“ఏడున్నరకా? రాహుకాలం గదయ్యా!”

“అందుకే రమ్మంటున్న.”

ఆయప్పకూ నాకూ ఆఖరున నడిచిన మాటలు ఇవే. షాపు గడప దగ్గర నిలబడి ఇద్దరం పకపకా నవ్వినాం. ఎందుకు నవ్వినామో మెల్లగా చెప్తా.

తెల్లారి ఏడున్నరకు పోతే షట్టరు దించి ఉంది. పక్కన కెఫెటేరియా నడిపే మలయాళీ అన్న టీ గ్లాసు పట్టుకొని బయటికొచ్చి నా చేతిలో పెట్టినాడు. “నాకెందుకన్నా?” అన్నా. వచ్చీరాని హిందీలో చెప్పినాడు, ఇది ఆయప్ప రోజూ తాగే టీ అంట, చెయ్యి అలవాటు కొద్దీ పోసేసిందంట, తాగే మనిషి నిద్రలోనే పోయినాడంట. నేను ఆ టీ తాగినా. పారబోసేకి మనసు రాలే. చక్కెర పాకం మాదిరుంది. ఇంత చక్కెర తాగితే పోక ఏమైతాడు అని అక్కడే తిట్టినా.

నేను చదువుకోలే. చెప్పడం నాది, రాయడం నా చెల్లెలి కూతురు సుజాతది. ఒమాన్ దేశంలో ఈ బర్కాలోనే క్లినిక్కులో డ్యూటీ దానికి. ఈరోజు శుక్రవారం, సెలవు గాబట్టి దొరికింది. “పోయినోళ్ళ గురించి మంచే చెప్పాల పెద్దమ్మా” అంటాంది. అట్లయితే నాలుగు ముక్కలకే అయిపోతుంది. తిట్లు కలిపితేనే ఆయప్ప నిండా వస్తాడు.

పేరు చెప్పను, ఆయప్ప అంటే మా పక్క ‘ఆయన’ అని అంతే. ఊరు జగిత్యాల పక్క. బర్కాలో టైపింగు షాపు ఒకటుంది, వీసాల అర్జీలు, కార్డుల కాగితాలు కంప్యూటర్‌లో పెట్టేది. అందులో ఒక మూల ఆయప్పది. అర్జీలూ పెడతాడు, జనాలు తెచ్చిన కంప్యూటర్లూ విప్పుతాడు. విప్పడం ఇష్టం, బిగించడం బద్ధకం. ఎవరి కంప్యూటర్ విప్పినా తిరిగి బిగించేటప్పుడు ఒక్క స్క్రూ మిగలాల్సిందే. అది చొక్కా జేబులో వేసుకుంటాడు. నడిచొస్తాంటే జేబు గలగలమనేది. “అది యాడిదయ్యా?” అంటే, “ఏదో ఒకదాని పక్కబొక్కది. లేకున్న నడుస్తది” అనేవాడు. బర్కాలో ఆయప్ప చెయ్యి పడిన కంప్యూటర్లన్నీ ఒక స్క్రూ తక్కువతోనే నడుస్తాండాయి ఇప్పటికీ.

నేను మొదట పోయింది మా ముసలామె లాప్‌టాప్ పట్టుకొని. అప్పట్లో నా డ్యూటీ ఒక ముసలామెను చూసుకోవడం. కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానికి, తల్లి ఆమె. మేం మామా అంటాం, అమ్మా అన్నట్ల. ఆమె పొద్దుపొద్దున్నే లాప్‌టాప్‌లో ఖురాన్ చదివేది వింటుంది. మనవళ్ళు దాంట్లో కొత్త సిస్టం ఏదో ఎక్కించినారు, బొమ్మ వస్తాంది, గొంతు రాలే. ముసలామె నామీద అరుస్తాంది, నేనే గొంతు తీసి దాచిపెట్టినట్ల. షాపులో కూర్చొని గొణుక్కుంటా ఆ మనవళ్ళను కడిగిపెడతాండా. బల్ల వెనక నుంచి గొంతు వచ్చింది.

“కడపనా అక్కా?”

“నీకెట్ల తెలిసెనయ్యా?”

“తిట్టు సక్కగ వచ్చింది.”

అట్ల పరిచయం. దాని మూత తెరిచి ముందు హాజరు తీసుకున్నాడు. అది ఆయప్ప పద్ధతి. కొత్త సిస్టం ఎక్కిన ప్రతి కంప్యూటర్‌కూ కాన్పు అయిన బిడ్డను మంత్రసాని చూసినట్ల ఒక్కొక్కటీ చూస్తాడు. “కన్ను?” అని కెమెరా తెరుస్తాడు. “నోరు?” అని ఒక పాట వేస్తాడు. “చెవి?” అని మైకులో దగ్గుతాడు. “నెట్టు?” అంటాడు. ఏది పలకకపోతే దానిపక్కన తెరమీద చిన్న పసుపు గుర్తు ఉంటుంది. వాటిని చూపించి, “గివన్ని అలిగిన కోడండ్లు అక్కా. ఇంట్లనే ఉంటయి, పని మాత్రం ముట్టయి” అన్నాడు.

“కాళ్ళూ చేతులూ బాగుండాయి గదా, ఎందుకు పని చెయ్యవు?” అన్నా.

“కొత్త పెత్తనం వచ్చింది. ఎవలతోని ఏం పని చేపియ్యాల్నో దానికి తెల్వది. చెప్పేటందుకు డ్రైవర్ అని ఒకటుంటది. ఒక్కోదానికి ఒక్కోటి. అది ఎక్కియ్యాలె.”

నాకు అర్థమైంది. నేను ఈ దేశం వచ్చిన మొదటి వారం కఫీల్ ఇంట్లో అట్లనే నిలబడింటి. చేతులుండాయి, పనొచ్చు, కానీ వాళ్ళు ఏమడుగుతాండారో నాకు తెలీదు, నాకేం వచ్చో వాళ్ళకు తెలీదు. అంతకుముందు నుంచి ఉన్న శ్రీలంక ఆమె ఒకామె మధ్యలో నిలబడి ఇది ఇట్ల, అది అట్ల అని నడిపింది. ఆ సంగతి చెప్తే ఆయప్ప ఎగిరి గంతేసినంత పని చేసినాడు.

“గా శ్రీలంకామెనే డ్రైవర్! నాకింత మంచిగ ఎవ్వలు చెప్పలే అక్కా!”

ఆనాటి నుంచి ఎవరికి చెప్పినా అదే చెప్పేవాడు. ఒమానీలకు అరబ్బీలో, బెంగాలోళ్ళకు హిందీలో, మా శ్రీలంక ఆమె కథే. ఆమె ఇప్పుడు యాడుందో, బర్కా అంతా ఆమె పేరు తెలీకుండానే ఆమెను తలచుకుంటాంది.

బల్ల కింద హల్వా గిన్నె ఒకటి పెట్టుకున్నాడు, ఇక్కడ హల్వా అమ్మే ప్లాస్టిక్ గిన్నె. దాన్నిండా పాత సీడీలు. పాత ప్రింటర్లకు, పాత మిషన్లకు డ్రైవర్లు అవే. ఒక్కోదానిమీద తెలుగులో పేరు రాసి పెట్టుకున్నాడు. సుజాతను తీసుకుపోయిన రోజు ఇవన్నీ చదివి నవ్వింది. ‘ఖర్జూరం తోట మూగది.’ ‘డెంటిస్టు, కోపిష్టి.’ ‘షినాస్ చేపల షాపు, మళ్ళ వస్తది.’ ఆ చేపల షాపు ప్రింటర్ నిజంగానే మళ్ళా మళ్ళా వచ్చేది. వాసనను బట్టి సందు మొదట్లోనే తెలిసిపోయేది.

ఇంగ ఆయప్ప పెద్ద రోగం చెప్తా. బాగున్నదాన్ని బాగున్నట్ల ఉండనియ్యడు. కొత్త సిస్టం వచ్చిందంటే ఎక్కించాల్సిందే. దానికి ముహూర్తం కూడా. గోడకు తెలుగు క్యాలెండర్, ఎవరో ఊరి నుంచి తెచ్చిచ్చింది. దాంట్లో రాహుకాలం చూసుకుంటాడు. కంప్యూటర్ మూలకు పసుపు బొట్టు పెడతాడు, పని అయినాక షాపు యజమాని, ఒమానీ అర్బాబ్, చూడకముందే తుడిచేస్తాడు. నిమ్మకాయకు బదులు ఇక్కడి నల్ల ఎండు నిమ్మకాయ పెడతాడు, వాళ్ళు కూరల్లో వేసేది. “ఎండుదానికి దిష్టి యాడ పోతుందయ్యా?” అంటే, “దిష్టి గూడ ఈ ఎండకు ఎండే ఉంటది” అన్నాడు.

ఈ రోగం నా మెడకే చుట్టుకుంది ఒకసారి. అది చెప్పేకే కూర్చున్నా.

మా ముసలామె పోయింది. ఆమె కొడుకు, అంటే నా కఫీల్, ఉద్యోగానికి దూరాన దుక్మ్ అనే ఊరికి పోతాండాడు కాపురం ఎత్తేసి. నాతో పని లేదు. ఇక్కడే ఒక టీచరమ్మ నన్ను తన ఇంటికి రాయించుకుంటానని ఫోన్‌లో ఒప్పుకుంది. నా వీసా ఆ వారంతో ఆఖరు. కఫీల్ ఒకటే మాట చెప్పినాడు. “ఈ పొద్దు నా కార్డు పెట్టి నిన్ను ఆమె పేరు మీదికి వదిలేస్తా. మధ్యాహ్నం లోపల బయలుదేరతా. పని కాకపోతే టికెట్ కొనిస్తా, మీ ఊరికి పో. మళ్ళా బర్కా రాను.”

మంచోడే. తొందర మనిషి.

ఊరికి పోతే యాడుండాల? నా మొగుడు పోతా పోతా నాకు విడిచిపెట్టింది నాలుగు గోడలు. పైన మిద్దె కప్పు పడలే. ఆ గోడల నడుమ మా మరిది గొర్రెలు కడతాండె. ఇంకో రెండేండ్లు ఇక్కడ చేస్తే మిద్దె పడుతుంది. ఇప్పుడే పోతే గొర్రెల పక్కన నేను. సంగతి అంతే. అందుకు కావాల్సింది కఫీల్ కార్డు ఆ మిషన్‌లో పెట్టడం, ఆయన నంబరు నొక్కడం. రెండు నిమిషాల పని.

తొమ్మిది దాటినాక పోయినాం. అది సోమవారం. ఆయప్ప బల్ల వెనక మోకాళ్ళమీద ఉన్నాడు, తీగలు నోట్లో పట్టుకొని.

“ఏమయ్యా, కార్డు పెట్టించు. ఆయన పోవాల.”

“ఒక్క పది నిమిషాలు అక్కా. పొద్దుగాలనే కొత్త సిస్టం ఎక్కిచ్చిన.”

“పాతదానికేమొచ్చింది?”

“ఏం రాలే. మంచిగనే ఉండె.”

“మరి యాలకు తీసినావ్?”

తీగ నోట్లోంచి తీసి నాపక్క చూసినాడు. “పాతది చాలనుకుంటే నేనింక దుక్మ్ సైట్ల ఇనుప కడ్డీలకు తీగ సుట్టుకుంట ఉంటుండె గదా అక్కా.”

ఆ మాట నిజమే. అట్లని కోపం తగ్గలే. కార్డు మిషన్‌లో పెడితే దీపం వెలగలే. పసుపు గుర్తు. దానికి డ్రైవర్ నెట్టులో నుంచి దించుకోవాల. నెట్టుకే పసుపు గుర్తు.

“గదే కథ అక్కా. నెట్టు రావాలంటే నెట్టు డ్రైవర్ గావాలె. గా డ్రైవర్ నెట్టుల ఉన్నది, గిన్నెల సీడీలల్ల లేదు.”

“ఆ పక్కన ఇంకో కంప్యూటర్ ఉంది గదా!”

“దానికి గూడ ఎక్కిచ్చిన.”

“నీ ఫోన్?”

తల వంచుకున్నాడు. “దానికి గూడ పొద్దుగాలనే... ఇంక లేస్తలేదు.”

నేను తిట్టిన తిట్లు సుజాత రాయనంటాంది. వద్దులే.

కఫీల్ “షూ హాదా? ఏందిది?” అన్నాడు. “సువయ్య అర్బాబ్, కొంచెం ఓపిక” అని ఆయప్ప నవ్వు మొగం పెట్టినాడు. నా కండ్లు గోడమీద క్యాలెండర్ మీద పడినాయి. ఏదో ఒకటి అనాల గదా, అడిగినా.

“యా టైముకు మొదలుపెట్టినావ్ ఈ దిక్కుమాలిన పని?”

“ఏడున్నరకు. రాహుకాలం దాటినంకనే.”

“సోమవారం రాహుకాలం మొదలయ్యేదే ఏడున్నరకు గదయ్యా! తొమ్మిది దాకా ఉంటుంది!”

“అది ఇండియా టైం అక్కా. మనం గంటన్నర ఎనకకు ఉన్నం. ఇక్కడ ఏడున్నర అంటే అక్కడ తొమ్మిది. అయిపాయె గదా.”

“రాహువు ఇండియా గడియారం కట్టుకొని తిరుగుతాడా? పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క అది. ఈడ పొద్దు ఈడి టైముకే పొడుస్తాంది. నువ్వు సరిగ్గా రాహువు గడపలో కుడికాలు పెట్టినావ్!”

ఆయప్ప చేతులు తీసేసినాడు. క్యాలెండర్ చూస్తాడు, గడియారం చూస్తాడు, వేళ్ళు మడుస్తాడు. “పదకొండేండ్ల నుంచి అక్కా...” అన్నాడు మెల్లగా. “ప్రతిసారి గంటన్నర తీసేసిన. ప్రతిసారి రాహుకాలంలనే పెట్టిన...”

నేను చేసిన తప్పు నాకు అప్పుడు తెలిసింది. ఆ మనిషి ధైర్యమంతా నేనే లాగి పడేసినా. ఇప్పుడాయన చెయ్యి ఆడకపోతే నా మిద్దె పోయినట్లే. “యో! ఇప్పుడు తొమ్మిదిన్నర. రాహువు లేచి పోయినాడు. ఇంగ అంతా మంచి టైమే, కానీ!” అని గట్టిగా అరిచినా. కఫీల్ ఉలిక్కిపడినాడు.

“నెట్టు ఎట్ల అక్కా?”

నాకు సిమ్ కార్డు గుర్తొచ్చింది. కొత్తలో సిమ్ కావాలంటే బతాకా అడిగిరి, అదే ఇక్కడి గుర్తింపు కార్డు. బతాకా పనికి పోతే, మెసేజ్ వస్తుంది ఫోన్ నంబరు చెప్పు అనిరి. అప్పుడు కూడా ఆ శ్రీలంక ఆమె తన ఫోన్ నా చేతిలో పెట్టింది. “ఇంకొకరి ఫోన్‌తో గట్టెక్కినా నేను” అన్నా.

ఆయప్ప చెయ్యి చాపినాడు. “నీ ఫోనియ్యి.”

నా ఫోన్ అద్దం పగిలి రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. దానికి తీగ తగిలించి కంప్యూటర్‌కు గుచ్చినాడు. ఏమేమో నొక్కినాడు. నా ఫోన్‌లో నుంచి నెట్టు కంప్యూటర్‌లోకి ఎక్కింది! అంత పెద్ద షాపుకు నా పగిలిన ఫోనే దిక్కయ్యింది.

డ్రైవర్ దిగింది. ఎక్కిస్తే ఎక్కలే. పాత సిస్టం అయితేనే ఎక్కుతా అంటాందంట.

కఫీల్ లేచినాడు. కారు తాళం తీసినాడు. “ఖలాస్. టికెట్ కొనిస్తా.”

కాళ్ళు పట్టుకునే మనిషిని కాదు నేను. ఆయన తల్లిని పట్టుకున్నా. నాకొచ్చిన వంకర అరబ్బీలో మొదలుపెట్టినా. “బాబా, మీ మామా ఖర్జూరాలు యాడ దాచేదో తెలుసా? డాక్టర్ తినొద్దన్నాక?” ఆగినాడు. “యాడ?” “నా చెప్పుల పెట్టెలో. నామీదికి పోతుందని. మీరొచ్చి అడిగినప్పుడల్లా నన్నే చూపించేది, ఇదే తింటాంది అని.” ఆయన నోరు తెరిచినాడు. “నేను నిన్ను తిట్టినా గదా దానికి!” “తిట్టినారు. రెండుసార్లు. ఆమె పక్కనే కూర్చొని మీరు సరిగ్గానే తిట్టినారు అనింది.” ఆయన నవ్వినాడు. తల్లి పోయినాక ఆ మనిషి నవ్వింది నేను అప్పుడే చూసినా. కూర్చున్నాడు. “ఇంకేం చేసేది?” అన్నాడు. నా దగ్గర తొమ్మిదేండ్ల సరుకుంది. చెప్తానే ఉన్నా.

చెప్తా చెప్తా ఓరకంటితో చూస్తాండా. ఆయప్ప తెరకు దగ్గరగా వంగి గుసగుసగా మాట్లాడతాండాడు.

“ఏం చేస్తాండావ్?”

“దీనికి అబద్ధం చెప్తున్న అక్కా. ఈ కంప్యూటర్ పాత సిస్టందే అని. అట్ల చెప్పేటందుకు ఇండ్లనే ఒక దారి ఉన్నది. నువ్వు ఇటు సూడకు, నీ మొగంల నిజం కనవడ్తది.”

నేను గోడపక్కకు తిరిగినా. నిజంగా తిరిగినా, ఏం చెప్తాం, ఆ టైములో ఏది చెప్తే అది. ‘టింగ్’ అనింది. తిరిగి చూస్తే కార్డు మిషన్‌లో పచ్చ దీపం. ఆయప్ప అరవలే, ఎగరలే. కఫీల్‌కు కుర్చీ జరిపి, “తఫద్దల్ అర్బాబ్, రాండ్రి” అన్నాడు, అంతా ముందే సిద్ధంగా ఉన్నట్ల. కఫీల్ నంబరు నొక్కినాడు. తీగకు కట్టేసిన నా ఫోన్‌కే మెసేజ్ వచ్చింది, పని అయినట్ల.

కఫీల్ దుక్మ్ పోయినాడు. పోయేముందు చెప్పుల పెట్టె సంగతి మళ్ళా ఒకసారి చెప్పించుకున్నాడు. నేను స్టూలు మీద కూలబడినా. ఆయప్ప నా ఫోన్ తీగ విప్పి ఇస్తా, మెల్లగా అడిగినాడు.

“అక్కా, దీనికి గూడ కొత్త సిస్టం వచ్చి ఉన్నది. ఎక్కియ్యాల్నా?”

“చేతులిరగ్గొడతా!”

ఆ తర్వాత సోమవారం నా లెక్క ప్రకారం పెట్టినాడు. తొమ్మిది కొట్టినాక, రాహువు పూర్తిగా పోయినాక, డెంటిస్టు కంప్యూటర్‌కు. అది మళ్ళా లేవనే లేదు. కన్నూ లేదు, చెవీ లేదు, పసుపు గుర్తులు చూపించేకి తెరే రాలే. నన్ను పిలిపించి దాన్ని చూపించినాడు, శవాన్ని చూపించినట్ల. “సూసినవా? పదకొండేండ్లు రాహువు నన్ను సాదిండు. ఒక్కపారి కాదన్న, నారాజ్ అయిండు.” అప్పటి నుంచి ఏ మంచి పనైనా ఏరికోరి రాహుకాలంలోనే. అందుకే ఆ ఆదివారం మేమిద్దరం నవ్వింది.

ఆ ఏడు కాదు, మరుసటి ఏడు మిద్దె పడింది. ఫోటో చూపిస్తే వేలితో పెద్దది చేసి మూలమూలా చూసినాడు. “ఏడ పసుపు గుర్తు కనవడ్తలేదు. పాస్” అన్నాడు. నా మిద్దెకు వచ్చిన మెప్పు అదొక్కటే. మా మరిదైతే ఎత్తు తక్కువైందన్నాడు.

ఆయప్ప పోయిన మూడు వారాలకు ఆ షాపులో కొత్త మనిషి కూర్చున్నాడు, తమిళాయన. మర్యాదస్తుడు. టీచరమ్మ, నేను పోయినాం, కార్డు రెన్యువల్‌కు. ఆమె కార్డు పెట్టింది. పచ్చ దీపం వెంటనే వెలిగింది. నంబరు నొక్కింది. అయిపోయింది. ఇంకో రెండేండ్లు నాకు ఈ దేశంలో చోటు దొరికింది, ఒక తిట్టు తిట్టకుండా, ఒక్క అబద్ధం చెప్పకుండా. టీచరమ్మ కారెక్కి హారన్ కొడతాంది. నేను స్టూలు మీద నుంచి లేవలే.

“ఇంకేమన్నా పని ఉందా అమ్మా?” అన్నాడు ఆయన.

“ఇంత తొందరగా అయిపోయిందేమి నాయనా?” అన్నా.

ఆయనకు అర్థం కాలే. తప్పు చేసినాననుకొని ఇంకోసారి కార్డు పెట్టి చూసినాడు పాపం. మళ్ళా పచ్చగానే వెలిగింది.

సుజాతా, చెయ్యి నొస్తాంటే కొంచేపు విదిలించుకో. తర్వాత మొదట్నుంచీ నాకు చదివి వినిపించు. యాడన్నా ఆయప్పను మరీ మంచోణ్ణి చేసింటే చెప్పు, కొట్టేద్దాం. ఆయప్ప మాట్లాడేకాడ మాత్రం ఆయప్ప మాదిరే పలుకు తల్లీ, మన మాదిరి లాగొద్దు. ఊ, కానీ. చదువు.